బెరీయా, యబ్బేజు, పెంటమ్మ

ఆదివారం ఉదయం తెనాలిలో నా శుభలేఖల షాపు షట్టరు ఎత్తుతుంటే పక్క సందు చర్చి మైకులో ఒక అమ్మాయి వంశావళి చదువుతోంది. ఫలానావాడు ఫలానావాణ్ణి కనెను అంటూ చురుగ్గానే మొదలుపెట్టింది. ఇంతలో నోరు తిరగని పేరొకటి అడ్డుపడింది. కాసేపు తడబడి, నాలుగైదు పేర్లు మింగేసి, తెలిసిన పేరు దగ్గర తేలింది. వినేవాళ్ళెవరూ పట్టించుకుని ఉండరు. నాకు మాత్రం జ్ఞానసుందరం మాస్టారు గుర్తొచ్చారు. ఆయనే ఆ చర్చిలో ఉంటే లేచి నిలబడి, "మళ్ళీ చదువమ్మా. వాళ్ళూ మనుషులే" అనేవారు.

అప్పట్లో నేను తెనాలిలో ఒక ప్రెస్సులో కంప్యూటరు మీద తెలుగు టైపు చేసేదాన్ని. మాస్టారు రేపల్లెలో తెలుగు చెప్పి రిటైరైన మనిషి. రోజూ ఉదయం పాసింజరు రైల్లో వచ్చి మా ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవారు. సన్నగా ఉండేవారు, చొక్కా జేబులో ఎప్పుడూ రెండు ఎర్ర పెన్నులు. వాళ్ళ ఊళ్ళోనే ఒక ముసలి పాస్టరు దగ్గర ఏళ్ళ తరబడి కూర్చుని హీబ్రూ నేర్చుకున్నారట. బైబిలు వంశావళుల్లో ఎవరూ ఆగి చూడని పేర్లకు అర్థాలు చెబుతూ చిన్న పుస్తకం వేయాలని ఆయన కోరిక. దాన్ని టైపు చేసే పని నాకు పడింది. మాది బాపట్ల దగ్గర సముద్రపు ఒడ్డు పల్లె. నాన్న వేటకెళ్ళేవాడు, అమ్మ చేపలమ్మేది. బైబిలు మా ఇంట్లో ఎవరూ తెరిచి ఎరగరు. నాకది ఒట్టి పేర్ల కుప్ప.

మొదటి ప్రూఫు పట్టుకుని ఆయన నా దగ్గరికొచ్చారు. "అమ్మాయ్, ఇక్కడ ఒకావిడ తప్పిపోయింది" అన్నారు.

"ఒక్క పేరేగా మాస్టారూ. ఎవరు చూస్తారండి?"

ఆయనకు కోపం రాలేదు. స్టూలు లాక్కుని కూర్చున్నారు. "ఈవిడ పేరు షెయెరా. ఎఫ్రాయిము వంశంలో పిల్ల. ఈ పేజీ నిండా కొడుకులూ మనవళ్ళే. ఈ అమ్మాయి మటుకు ఊళ్ళు కట్టించింది. అలాంటి మనిషిని మనం ప్రెస్సులో పోగొట్టకూడదు కదా."

"ఆ పేరుకు అర్థం ఏంటండి?"

"రక్తసంబంధం అంటారు కొందరు. మిగిలినది అనేవాళ్ళూ ఉన్నారు. ఏది సరైందో నాకు తెలీదు. తెలీదనే రాశాను, చూడు."

చూశాను. నిజంగానే అలాగే రాసుకున్నారు. అర్థాలు చెప్పే పుస్తకంలో 'తెలియదు' అని ధైర్యంగా రాసుకునే మనిషిని నేనంతకు ముందు చూడలేదు. ఆ రోజు నుంచీ ఒక్కో పేరూ పెదవులు కదిపి చదువుకుని మరీ టైపు చేసేదాన్ని.

ప్రెస్సులో అందరికీ నేను ప్రణీతని. అది నేను చెప్పుకున్న పేరు. సర్టిఫికెట్లలో ఉన్నది పెంటమ్మ. బళ్ళో హాజరు పిలిచినప్పుడల్లా క్లాసంతా ముక్కు మూసుకునేది. పెళ్ళి కుదరకముందే ఆ పేరు వదిలించుకోవాలని గెజిటులో మార్పు కోసం కాగితాలు రాయించాను. సాక్షి సంతకం కావాలి. ఎవరినడిగినా ముందు నవ్వుతారు. అందుకని మాస్టారినడిగాను.

ఆయన మొత్తం చదివారు. అలవాటు కొద్దీ ఒక ఒత్తు తప్పును ఎర్ర పెన్నుతో దిద్దారు కూడా. తర్వాత తలెత్తి, "పెంటమ్మ గారూ, కూర్చోండి" అన్నారు. ఆ పేరు పక్కన గారు అనే మాట వినడం నాకదే మొదలు.

"సంతకం పెడతాను. మీ పేరు, మీ ఇష్టం. ఈ పేరెందుకు పెట్టారో అమ్మగారినెప్పుడైనా అడిగారా?"

"అడిగేదేముందండి. తెలియక పెట్టుంటారు."

ఆయన తన రాతప్రతి తిప్పి ఒక పేజీ చూపించారు. "యబ్బేజు. నొప్పులు పడి కన్నానని తల్లి పెట్టిన పేరు. హీబ్రూలో నొప్పి అనే మాటకున్న అక్షరాలు కాస్త అటూ ఇటూ చేసిందావిడ. బిడ్డకు అది పూర్తిగా తగలకూడదనేమో. ఇది నా ఊహేలెండి. ఇదిగో, బెరీయా. వీడికి ముందు పుట్టినవాళ్ళు చచ్చిపోయారు. ఇంటికి కీడు వచ్చిందని తండ్రి ఈ పేరు పెట్టాడు. ఇవి చదువుతుంటే నాకు మన పెంటయ్యలూ పుల్లమ్మలే గుర్తొస్తారండి." అంతే చెప్పి, సంతకం చేసి కాగితం నా చేతిలో పెట్టారు.

ఆ శనివారం రైలెక్కి ఇంటికెళ్ళాను. అమ్మ వాకిట్లో చేపలు ఎండబోస్తోంది. అడిగాను.

"నీకు ముందు ఇద్దరు పుట్టి పోయారే. పెద్దోడు సింహాద్రి, ఏడాది ఉన్నాడు. రెండోవాడు పోలయ్య, నెల తిరగలేదు. నువ్వు పుట్టగానే మీ నాయనమ్మ తీసుకెళ్ళి పెంట మీద పడుకోబెట్టింది. ఎవరో పారేసిన పిల్లని ఏరుకున్నట్టు నేను వెళ్ళి తెచ్చుకున్నా. ఆ పేరైతే నిన్నెవరూ పట్టుకుపోరని."

సంచిలోంచి కాగితం తీసి చూపించాను. అమ్మ దాన్ని చదవలేదు, ఆమెకు చదువు రాదు. తడి చెయ్యి చీరకు తుడుచుకుని ఒకసారి తడిమింది. "మార్చుకోవే. ఆ పేరు చెయ్యాల్సిన పని చేసేసింది. నువ్వు బతికావుగా" అంది.

నాకు అన్నలున్నారని అంతకు ముందెప్పుడూ వినలేదు. వాళ్ళ పేర్లు ఏ కాగితం మీదా లేవు. అమ్మ నోట్లో తప్ప ఎక్కడా లేవు.

సోమవారం ప్రెస్సులో నా అసలు పేరు చెప్పాను. ఇద్దరు నవ్వారు. మాస్టారు ఎర్ర పెన్ను మూసి, వాళ్ళ నవ్వు ఆగేదాకా వాళ్ళనే చూస్తూ కూర్చున్నారు. కాగితాలు నేను దాఖలు చెయ్యలేదు. ఆ పేరుతోనే పెళ్ళి చేసుకున్నాను, ఆ పేరుతోనే షాపు బోర్డు రాయించాను. మాస్టారి పుస్తకం వచ్చింది. చివరి పేజీలో 'అక్షర కూర్పు: పెంటమ్మ' అని వేయించారు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. శుభలేఖకు వచ్చినవాళ్ళ చేత ఇప్పటికీ ప్రతి పేరూ నా ఎదుట పైకి చదివిస్తాను. విసుక్కునేవాళ్ళు విసుక్కుంటారు. నేను తగ్గను.

మొన్న వేసవిలో అమ్మ పోయింది. పెద్దకర్మ కార్డు నేనే టైపు చేశాను. మా చిన్నాన్న కొడుకు అది చేతిలోకి తీసుకుని, సంతానం అన్నచోట ఆగాడు.

"వీళ్ళెవరక్కా?"

"నా అన్నలు. నాకు ముందు పుట్టారు."

వాడు వేలు పెట్టి ఆ రెండు పేర్లూ పైకి చదివాడు. తర్వాత నాది.