సూది ఒక గంట వెనక్కి

ఆయన్ని అందరూ చెవి మేస్త్రి అనేవాళ్లు. ఊరికే అనలేదు లెండి. గడ్డి కోసే మిషన్లు, మందు కొట్టే పంపులు, జనరేటర్లు బాగుచేసే రేకుల షెడ్డులో ముప్పై ఏళ్లు కూర్చున్న మనిషి. స్పానరు ముట్టకముందే మిషను దగ్గర చెవి పెట్టి "రింగు అరిగింది" అనేవాడు. విప్పి చూస్తే రింగే అరిగి ఉండేది. ఇక ఆయనతో ఎవడు వాదిస్తాడు?

ఆదివారం వస్తే షెడ్డుకి తాళం వేసి, మూతబడ్డ ఫ్యాక్టరీ వెనక తారు మైదానానికి వెళ్లేవాడు. అక్కడ రిమోట్ కార్ల పందేలు జరుగుతాయి. మూరెడు కారు, పిడికిలంత ఇంజను. నైట్రో ఫ్యూయలు తాగి అది పెట్టే రొదకి పక్కవాడి మాట పక్కవాడికి వినపడదు. పందెంలో కారు నడిపేది మాత్రం మేస్త్రి కాదు, ఆయన భార్య. ఆవిడ బట్టలు కుడుతుంది. ఎంత వంకర కాలరైనా మిషను మీద జారకుండా తిప్పే చేతులకి కారు ఒక లెక్కా! "ఇంజను మీది, మలుపు నాది. ఒకళ్ల పనిలో ఒకళ్లం వేలు పెట్టొద్దు" అని మొదట్లోనే ఒప్పందం చేసుకుంది.

మేస్త్రి పనంతా కార్బురేటరు దగ్గర. గాలీ ఫ్యూయలూ కలిసే చిన్న గొట్టం అది. దాని మీద ఒక సూది స్క్రూ ఉంటుంది. లోపలికి తిప్పితే మిక్చరు పలచబడుతుంది, ఇంజను గొంతు లేస్తుంది, కారు పరుగెత్తుతుంది. ఆ రుచి మరిగి ఇంకాస్త తిప్పారో, అయిపోయారే! ఫ్యూయల్లో కలిపిన నూనే ఇంజనుకి తడి. అది చాలకపోతే లోపల కాలిపోతుంది. అందుకని మేస్త్రి కొంచెం కొంచెంగా తిప్పుకుంటూ పోయి, గొంతు సన్నటి కేకగా మారి ఇక పైకి లేవని చోట ఆగి, సూదిని ఒక గంట వెనక్కి తిప్పేవాడు. గంటంటే గడియారంలో చిన్నముల్లు ఒక అంకె నుంచి ఇంకో అంకెకి జరిగినంత. అంతే. మైదానంలో సగం కార్లు ఆయన చేతి మీదుగా పోయినవే.

అలాంటి ఆయన ట్యూన్ చేసిన ఇంజనే పోయిన నెల నడిపందెంలో బిగుసుకుపోయింది. విప్పి చూస్తే పిస్టను గీతలు పడి నల్లగా మాడి ఉంది. అందరి ముందూ మేస్త్రికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఫ్యూయలు కలిపేది ఆయన బావమరిది. మందుల షాపులో పనిచేస్తాడు, చుక్క ఎక్కువైనా తక్కువైనా ఒప్పుకోని మనిషి. "నూనె తగ్గించి కలిపావురా! మందుల షాపు పిసినారి బుద్ధి ఇక్కడా చూపించావు!" అని నోటికొచ్చినట్టు అనేశాడు. బావమరిది సీసాలు సంచీలో సర్దుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఇంటికి రాలేదు, అక్కకి ఫోన్ చేసినా "బావ ఉన్నాడా?" అని అడిగి పెట్టేసేవాడు.

ఇప్పుడు ఫైనలు వచ్చింది. మిగిలింది ఒక్కటే ఇంజను. ఇదీ కాలితే ఆవిడ ఏడాది కష్టం పోయినట్టే, చెవి మేస్త్రి పేరూ పోయినట్టే.

పందెం రోజు పొద్దున ఆవిడ వంటింట్లో గుడ్లు ఉడకబెడుతూ టైమరు పెట్టి, బట్టలు ఆరేయడానికి డాబా మీదికి వెళ్లింది. కిందికి వచ్చేసరికి నీళ్లు ఇగిరి గిన్నె మాడబోతోంది. మేస్త్రి పక్కనే కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు.

"ఏవండీ, ఇది ఇంతసేపు చెవి కోసుకుపోయేలా అరుస్తుంటే కట్టెయ్యరా?"

"ఏది అరుస్తోంది?"

ఆవిడ టైమరు తెచ్చి ఆయన చెవి దగ్గర పెట్టింది. దాని ఎర్రలైటు వెలిగి ఆరుతోంది.

"దీని బజరు పాడైనట్టుందే" అన్నాడు మేస్త్రి.

ఆవిడ నవ్వబోయి ఆగిపోయింది. టైమరు కట్టేసింది, మళ్లీ వేసింది, మళ్లీ కట్టేసింది. ఆయన మొహంలో ఏ మార్పూ లేదు. "ఇప్పుడు మోగిందా లేదా, చెప్పండి" అంది నెమ్మదిగా. మేస్త్రి టైమరు తీసుకుని తనే వేసి చెవికి ఆనించుకున్నాడు; లైటు వెలిగింది, చప్పుడు లేదు.

మామూలు మాటలు వినపడుతున్నాయి, తలుపు చప్పుడు వినపడుతోంది. పోయింది ఆ పైనున్న సన్నటి శబ్దమే. అంటే ఇంజను పెట్టే కేక కూడా! పోయిన నెల ఆ కేక కోసమే సూదిని లోపలికి తిప్పుతూ పోయాడు. ఇంజను ఎప్పుడో కేక పెట్టేసింది. తనకి వినపడక, ఇంకా అందుకోలేదనుకుని ఇంకో గంట, ఇంకో గంట తిప్పాడు. కాల్చింది తనే. ఆడలేక మద్దెల ఓడన్నట్టు బావమరిది మీద పడ్డాడు. మేస్త్రి సిగ్గుతో చచ్చిపోయాడు.

"సోమవారం చెవుల డాక్టరుకి చూపిద్దాం" అంది ఆవిడ. "ఈ రోజుకి నేను నా పాటికి నడుపుతా. మీరు ఎవరికీ చెప్పక్కర్లేదు."

"చెప్పకపోతే ఈ ఇంజనూ కాలుతుందే. నిన్న సాయంత్రం సూది పెట్టింది ఈ చెవే."

మైదానంలో ఇంజను స్టార్టు చేసి, దాని తల మీద ఒక నీటిచుక్క వేశాడు. సరిగ్గా ఉన్న ఇంజను మీద చుక్క మూడు నాలుగు లెక్కపెట్టేదాకా ఉడికి ఆరాలి. ఇది పడీ పడగానే చుయ్యిమని ఎగిరిపోయింది. సూదిని బాగా వెనక్కి తిప్పేశాడు. పొగ గుప్పుమంది, ఇంజను బద్ధకంగా గొణిగింది. ఇక్కడి నుంచి పైకి తేవాలి. ఎక్కడ ఆపాలో చెప్పే చెవి మాత్రం లేదు. చుట్టూ జనం ఆయన వంగి వినడం కోసం చూస్తున్నారు. అక్క పందెం చూడ్డానికి వచ్చిన బావమరిది కంచె పక్కన మొహం తిప్పుకుని నిలబడ్డాడు.

మేస్త్రి లేచి నిలబడ్డాడు. "ఒరేయ్ బావమరిదీ!" అని మైదానమంతా వినపడేలా పిలిచాడు. "ఆ రోజు పాడైంది నీ ఫ్యూయలు కాదురా. నా చెవి. నాకు కేక వినపడటం లేదు. తప్పు నాది, తిట్టింది నిన్ను."

బావమరిది గబగబా వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "నెల రోజులు బావా! నెల రోజులు నిద్రపోలేదు నేను. ఆ సీసాలో మిగిలింది మూడుసార్లు కొలిచా. మూడుసార్లూ సరిగ్గానే ఉంది. నా చేతులు నేనే నమ్మడం మానేశా!"

"తిట్టరా, తిట్టు."

"తర్వాత తిడతా, ఇప్పుడు టైము లేదు" అని సంచీలోంచి సీసా తీశాడు. కోపం కోపమే, కలపడం మాత్రం మానలేదు.

"ఇలా రా. నా వెనక నిలబడి విను. నేను సూది తిప్పుతుంటాను. కేక ఇక లేవదు అనిపించిన చోట నా భుజం మీద కొట్టు."

మేస్త్రి వంగాడు. చెవి పెట్టలేదు. వేళ్లకి సూది తెలుసు, అరచేతికి ఇంజను వణుకు తెలుసు. ఒక గంట. ఇంకో గంట. పొగ సన్నబడుతోంది. ఇంకాస్త. ఫెడీమని పడింది భుజం మీద దెబ్బ!

"అంత గట్టిగా ఎందుకురా?"

"నెల రోజులది కదా బావా!"

చుట్టూ ఉన్నవాళ్లు గొల్లున నవ్వారు. మేస్త్రీ నవ్వాడు. సూదిని ఒక గంట వెనక్కి తిప్పి నీటిచుక్క వేశాడు. ఒకటి, రెండు, మూడు... ఆరింది. "తీసుకెళ్లవే, ఇంజను నాది" అన్నాడు భార్యతో.

ఇరవై నిమిషాల పందెం. ఒక బ్యాంకు గుమాస్తా కారు మొదటి నుంచీ ముందుంది. ఆవిడ దాని వెనకే, ఒక్క మలుపూ జారకుండా వెళ్తోంది. బావమరిది "అక్కా, అందుకో!" అని గొంతు చించుకుంటున్నాడు. మేస్త్రి మాత్రం రెండు కార్ల పొగా చూస్తున్నాడు. ఆవిడ కారు వెనక సన్నటి నీలం పొగ తీగలా సాగుతోంది. గుమాస్తా కారు వెనక ఏమీ లేదు.

"పొగ లేదంటే నూనె చాలడం లేదు. వాడి ఇంజను నిలవదురా" అన్నాడు మేస్త్రి. "నేను చేసిన పనే చేశాడు."

ఇంకా రెండు నిమిషాలుందనగా గుమాస్తా కారు చటుక్కున బిగుసుకుని ఆగిపోయింది. ఆవిడ పక్కనుంచి పోనిచ్చి ముందుకెళ్లింది, ఇక ఎవరికీ దొరకలేదు. కారు తిరిగొచ్చాక కప్పు కోసం ఎవరూ పరుగెత్తలేదు. ముగ్గురూ ఇంజను మీదికి వంగారు. మేస్త్రి నీటిచుక్క వేశాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. "బతికింది" అంది ఆవిడ, కళ్లు తుడుచుకుంటూ.

కాసేపటికి గుమాస్తా మొహం వేలాడేసుకుని వచ్చాడు. చేతిలో ఇంకో కారు ఉంది. "మేస్త్రిగారూ, దీన్నైనా మీరొకసారి విని పెట్టండి" అన్నాడు.

"ఉండండి, చెవిని పిలుస్తా" అని మేస్త్రి కారు ముందు చతికిలబడ్డాడు. "ఒరేయ్ బావమరిదీ, ఇటు రా!"

బావమరిది చేతులు రుద్దుకుంటూ వచ్చి వెనక నిలబడ్డాడు. మేస్త్రి సూది మీద స్క్రూడ్రైవరు ఆనించి, భుజం కాస్త పైకెత్తి పెట్టాడు.

"ఈసారి మెల్లగా కొట్టు."