మా ఇంటిపేరు దాటిన సముద్రం

మొన్న పక్కింటావిడ పూజసామాను చింతపండుతో తోముతుంటే, తడిసిన ఇత్తడి నుంచి వచ్చే ఆ పులుపు వాసన మెట్ల దాకా వచ్చింది. చేతిలో కూరగాయల సంచితో అక్కడే నిలబడిపోయాను. వరంగల్ బజారులో మా తాత ఇత్తడి దుకాణం, దాని వెనకే మా ఇల్లు, డెబ్బైల నాటి నా బాల్యం, అన్నీ ఆ వాసనలోనే ఉండేవి.

ఎండాకాలం సాయంత్రాలు మిద్దె మీద నీళ్లు చల్లి, సెగ తగ్గాక చాపలు పరిచి, పుల్లటి మామిడికాయ ముక్కలు ఉప్పూకారంలో అద్దుకుని తింటూ పిల్లలం అచ్చనగండ్లు ఆడుకునేవాళ్లం. తాత దుకాణం కట్టేసి పైకి వచ్చి, తువ్వాలుతో మెడ తుడుచుకుని, చుట్ట ముట్టించి, అడక్కుండానే మా ఇంటిపేరు కథ మొదలుపెట్టేవాడు. మా ఇంటిపేరు పావురు. దానికీ పావురానికీ సంబంధం లేదని, ఫ్రాన్సు దేశంలో ‘ఫావ్ర్’ అంటే కమ్మరి అని, ఆ పేరున్న ఒకాయన ఓడెక్కి పుదుచ్చేరిలో దిగాడని, అక్కడి నుంచి బందరుకు, బందరు నుంచి నిజాముకు ఫిరంగులు పోతపోయడానికి హైదరాబాదుకు వచ్చి, మన పిల్లనే పెండ్లాడి ఇక్కడే ఉండిపోయాడని, ఆయన మనవలు ఇత్తడి పని వెతుక్కుంటూ ఓరుగల్లు చేరారని చెప్పేవాడు.

“ఊరు మారినకొద్ది పేరు అరిగింది బిడ్డా. బందరుల ఫావ్రు, హైద్రాబాదుల ఫావురు, మన కాడికొచ్చేసరికి పావురు” అని నవ్వేవాడు.

సాక్ష్యం కావాలంటే సరోజ అత్తను చూపించేవాడు. అత్త నాన్నకు చెల్లెలు. ఆమెవి వాన వెలిసిన చెరువు నీళ్ల రంగు కళ్లు. చిన్నప్పుడు బజారు పిల్లలు పిల్లికండ్లని ఎక్కిరిస్తే ఏడ్చుకుంటూ వచ్చిన ఆమెను తాత ఒళ్లో కూర్చోబెట్టుకుని, “నీ కండ్లు సముద్రం దాటి వచ్చినయి. తలెత్తుకొని నడువు” అన్నాడట. అత్త నిజంగానే అట్లా నడిచేది. బతుకమ్మ నాడు గునుగు, తంగేడు పూలు పేర్చి, మలీద ముద్దల గిన్నె నా చేతికిచ్చి ముందు నడుస్తుంటే, ఆ నడకను అనుకరిస్తూ వెనకాల నేను. బడిలో ఆడపిల్లలు నన్ను దొరసాని అని నవ్వినా నాకు గర్వంగానే ఉండేది.

ఒక మాఘమాసంలో అత్తను పెండ్లిచూపులు చూసుకోవడానికి హన్మకొండ నుంచి వచ్చారు. పెండ్లికొడుకు తండ్రి చాయ తాగుతూ, “పావురు ఏందే? గసొంటి ఇంటిపేరు మనోళ్లల్ల ఎన్నడు ఇనలే. పిల్ల కండ్లు సుత జర...” అని ఆగాడు. తలుపు వెనక అత్త, ఆమె కొంగు పట్టుకుని నేను. ఇక తాత కథ చెప్తాడు, వీళ్లు నోరు తెరుచుకుని వింటారు అనుకుని అత్తను మోచేత్తో పొడిచాను.

“అయ్యో, గంతేం లేదు బావా” అన్నాడు తాత. “మా తాతలు పావురాలు పెంచేటోళ్లు, గందుకే గా పేరు. పిల్లకు చిన్నగున్నప్పుడు పెద్ద జరం వచ్చింది. గప్పటిసంది కండ్లు గట్లయినయి.”

అందరూ నవ్వారు. నాన్న కూడా తలూపాడు. అత్త నా చేతిలోంచి కొంగు లాగేసుకుంది. పిలిచినప్పుడు తల వంచుకుని బయటికి వెళ్లింది. వాళ్లు దాన్ని సిగ్గనుకున్నారు.

మర్నాడు దుకాణంలో అడిగాను: “తాతా, ఏది నిజం?”

“పెండ్లి గావాల్నా వద్దా?” అన్నాడు, నా వైపు చూడకుండా.

మాతో అబద్ధం చెప్పాడో, వాళ్లతో చెప్పాడో నాకు అర్థం కాలేదు. ఏదైనా మోసపోయింది మేమే అనిపించింది. ఆ ఎండాకాలం మిద్దె మీద ఆయన పక్కన కూర్చోలేదు. ఆయనా ఆ కథ ఎత్తలేదు.

అత్త పెండ్లయింది. ఎనభైల మొదట్లో బిడ్డను చంకనేసుకుని పుట్టింటికి వచ్చింది. ఆ పిల్లవీ అవే కళ్లు. అప్పటికి బాగా ముసలివాడైన తాత మనవరాలిని ఒళ్లోకి తీసుకుని, ఎన్నేళ్లకో మొహం వెలిగిపోతుండగా, “గీ కండ్లు ఏడికెళ్లి వచ్చినయో ఎరుకేనా...” అని మొదలుపెట్టాడు. అత్త వంటింట్లోంచి వచ్చి పిల్లను తీసేసుకుంది.

“జరం వచ్చింది నాయినా” అంది. “గంతే.”

తాత చేతులు కాసేపు అట్లాగే చాచి ఉన్నాయి.

ఆ బజారులో ఇప్పుడు ఇత్తడి లేదు. స్టీలు, ప్లాస్టిక్ బకెట్లు గుమ్మాల దాకా వేలాడుతున్నాయి. చాపలు పరిచిన మిద్దెను కూల్చి మూడంతస్తులు కట్టారు. మావాళ్లు పావురాలు పెంచేవాళ్లని తమ్ముడి పిల్లలు వచ్చినవాళ్లకు ముచ్చటగా చెప్తుంటారు. ఒకసారి కాదనబోయి ఊరుకున్నాను; నాకు చెప్పిన మనిషే కాదన్న కథను ఏ ధైర్యంతో చెప్పను? అత్త పోయిన ఏడాది పోయింది. చివరిదాకా, పుట్టినింటి ఇంటిపేరేమిటని ఎవరైనా అడిగితే, “యాదికి లేదు” అనేది.