ఫోటోలో ఉన్న జడ

మా పూతలపట్టు చుట్టుపక్కల నుంచి గల్ఫ్‌కు పోయేవాళ్లు బ్యాగు సర్దుకున్నాక ఒకసారి నా దగ్గరికి వస్తారు. నేను పోయొచ్చింది ఒక్కసారే, అయినా వాళ్లకు నేనే పెద్ద. మసాలా పొడిలో గసగసాలు వేసుంటే పారబోయమంటాను, అక్కడ వాటిని మత్తుమందు కింద జమకడతారు. మాత్రలకు డాక్టరు చీటీ పెట్టుకోమంటాను. తిరుగు టికెట్టు ఫోన్లో ఉంటే చాలదు, కాగితం మీద కూడా ఉండాలంటాను. ఆఖర్న, పోయే ముందు కొండకెళ్లి గుండు మాత్రం చేయించుకోవద్దంటాను. ఆ మాటకు అందరూ నవ్వుతారు. నాకు ఒళ్లు మండుతుంది. ఎందుకో మాత్రం చెప్పను, పంపించేస్తాను.

మా ఆయన అక్కడ భవనాలకు రంగులు వేసే పనిలో ఉండేవాడు. ఒకరోజు మూడో అంతస్తు ఎత్తు నుంచి పడ్డాడు. ఆయనతో ఒకే గదిలో ఉండే రాజంపేట అతను ఫోన్ చేసి నాకు నిజం చెప్పాడు. లోపలంతా దెబ్బతినిందట, వారం కూడా బతుకుతాడని డాక్టర్లు చెప్పడం లేదట. ఆయనకు మాత్రం నెలలో లేచి తిరుగుతావని చెప్పి పెట్టారు. ఇంజెక్షన్ చూస్తేనే ముఖం తిప్పుకునే మనిషి, తెలిస్తే ఆ దిగులుకే పోతాడని వాళ్ల భయం. నాదీ అదే భయం. కంపెనీ కాగితాల మీద సంతకం పెట్టడానికి రమ్మన్నారు, అంతేనని ఫోన్లో ఆయనకు అబద్ధం చెప్పాను. మనిషి ఉండగా చేరుకోవాలి, ఆయనకు అనుమానం రాకూడదు. ఆ రెండే నా తలలో ఉన్నాయి.

కంపెనీ వాళ్లు రెండు రోజుల్లో వీసా పంపించారు. తిరుపతిలో టికెట్లు చేసే ఏజెంటు నా బ్యాగంతా బల్ల మీద కుమ్మరించాడు. ఆయనకిష్టమని దంచుకొచ్చిన కోడికూర మసాలా తీసి పక్కన పెట్టాడు. అత్త కట్టించిన తాయెత్తు విప్పించాడు. ఏం చెయ్యాలో ఏం చెయ్యకూడదో ఒకటికి రెండుసార్లు చెప్పాడు. చివరిగా అన్న మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది.

"ఆడ అడిగిందానికే జవాబు సెప్పమ్మా. ఎక్కువ మాట్లాడొద్దు. అబద్ధం మాత్రం సెప్పొద్దు, పట్టేస్తారు."

విమానం మరుసటి రోజు. ఊరికి తిరిగి రాకుండా అటునుంచి అటే అత్తను వెంటబెట్టుకుని కొండెక్కాను. కోరింది తీరాక గదా తలనీలాలిచ్చేది అంది అత్త. తీరేదాకా ఆగే ధైర్యం నాకు లేదు. పోనీ ఆడదానివి, మూడు కత్తెర్లిస్తే చాలునంది. నాకు కోపమొచ్చింది. మనిషి ప్రాణం అడుగుతూ మూడు వెంట్రుకలు ఇచ్చి రావడమేంది అన్నాను. కూర్చుని తల వంచాను. పెళ్లినాటి నుంచి నడుము దిగి ఉన్న జడ అది. ఊడి ఒళ్లో పడుతుంటే ఏడుపు రాలేదు, ఇచ్చేశాను, ఇక ఆయన బతుకుతాడు అనిపించింది. చిన్నపిల్లలా నమ్మాను.

చెన్నైలో కౌంటరు దగ్గర మనిషి నా తల చూసి, తిరుపతా అని నవ్వి ముద్ర వేశాడు. గల్ఫ్‌లో దిగాక ఎవరూ నవ్వలేదు. దిగేముందు గుండుకు కట్టుకున్న తలగుడ్డను ఆడ ఆఫీసరు తీయించింది. పాస్‌పోర్టు ఫోటోలో జడ భుజం మీదుగా ముందుకేసుకుని, కనకాంబరాలు పెట్టుకుని ఉన్నాను. ఆమె ఫోటో చూసింది, నన్ను చూసింది, మళ్లీ ఫోటో చూసింది. నన్ను ఒక గదిలో కూర్చోబెట్టారు.

వాళ్ల ప్రశ్నల్ని ఫోన్లో ఎవరో హిందీలోకి మార్చి అడిగారు. నాకొచ్చిన హిందీ నాలుగు ముక్కలు. జబ్బా, ఎవరైనా బలవంతంగా కత్తిరించారా, అసలు ఈ పాస్‌పోర్టు నీదేనా అని అడిగారు. దేవుడికిచ్చానంటే, దేవుడికి జుట్టెందుకన్నారు. గోడ మీద గడియారం చూస్తూ కూర్చున్నాను. ఒక గంట, రెండు గంటలు. అక్కడ ఆయన ఊపిరి ఇవాళో రేపో అన్నట్టుంది, ఇక్కడ వీళ్లు నా తలకాయ చూసుకుంటున్నారు. అందరినీ తిట్టాను, తెలుగులో. తర్వాత కాళ్లు పట్టుకోబోయాను. ఆరు గంటల తర్వాత కంపెనీ మనిషి కాగితాలతో వచ్చాడు. ఫోటో పెద్దది చేసి, నా ఎడమ కనుబొమ్మ మీదున్న గాటు చూసి వదిలారు.

ఆసుపత్రి గుమ్మంలో రాజంపేట అతను ఎదురొచ్చాడు. డాక్టర్లు ఇక రెండు రోజులేనన్నారని, లోపల కన్నీళ్లు పెట్టొద్దని చెప్పాడు. తలగుడ్డ బిగించుకున్నాను. ఆయన మేలుకునే ఉన్నాడు. నన్ను చూసి ముఖం విప్పారింది. సంతకాలు ఎన్ని చోట్ల పెట్టాలని అడిగాడు. మంచినీళ్లు పట్టించబోయి వంగాను. ఆరు గంటలుగా తీస్తూ కడుతూ వదులైపోయిన గుడ్డ, జారి మంచం మీద పడింది.

ఆఫీసర్లకు ఆరు గంటలు పట్టింది. ఆయనకు రెప్పపాటు కూడా పట్టలేదు.

"కొండకు పోయినావా మే?"

ఎండలకు తీయించానన్నాను.

"మూడు కత్తెర్లు గాదే, గుండే ఇచ్చినావే. అంత పెద్దదా నాకొచ్చింది?"

ఆయన చెయ్యెత్తి నా తల మీద పెట్టాడు.

"ఎన్ని దినాలంట?"

ఏదో ఒక అబద్ధం చెప్పి ఉండొచ్చు. నెలని చెప్పొచ్చు, ఏడాదని చెప్పొచ్చు. పొద్దుటి నుంచి ఆఫీసర్లు అడిగినదానికల్లా నిజం చెప్పీ చెప్పీ ఉన్నానో, ఆ చెయ్యి కింద అబద్ధం రాలేదో తెలీదు.

"రెండు దినాలంట" అన్నాను.

"జడ బాగుండేది నీకు" అన్నాడు. చెయ్యి తీయలేదు.

డాక్టర్లు రెండన్నారు. నేను చెప్పాక ఒక్కరోజే ఉన్నాడు.