తడబడుతూ చదివిన పేజీ

2009లో నేను సీతమ్మధారలోని ఒక కంటి క్లినిక్‌లో ‘లో విజన్’ గది చూసుకునేదాన్ని. లో విజన్ అంటే మందులతోనూ మామూలు అద్దాలతోనూ పూర్తిగా సరికాని చూపు. నేను బడికి వెళ్లి చదువుకున్నదాన్ని కాదు. పోర్టులో గుమాస్తాగా పనిచేసిన నాన్నగారే ఇంట్లో అక్షరాలు దిద్దించారు. ప్రైవేటుగా పరీక్షలు రాసి క్లినిక్‌లో చేరాక, డాక్టరుగారి పక్కన నిలబడి ఈ పని నేర్చుకున్నాను. ఆ ఇద్దరినీ తలుచుకోకుండా ఏ రోజూ గది తలుపు తీయలేదు.

దగ్గరి చూపు పరీక్షకు మా దగ్గర నియర్ చార్టు ఉండేది. పెద్ద అక్షరాల నుంచి చిన్న అక్షరాల దాకా వరసలుగా అచ్చువేసిన కార్డు. వయసు మళ్లినవాళ్లు దాన్ని చూసి పరీక్షకొచ్చిన పిల్లల్లా బెదిరేవారు. అందుకని నా సంచిలోని స్తోత్రాల పుస్తకం తీసి వాళ్ల చేతికిచ్చేదాన్ని. దేవుడి పేరు చూస్తే మనసు కుదుటపడుతుందని నా నమ్మకం.

కంచరపాలెం నుంచి అప్పన్నగారు వచ్చినప్పుడూ అదే చేశాను. స్టీల్ ప్లాంటులో క్రేన్ నడిపి రిటైరైన మనిషి. ఆయనకు మాక్యులర్ డీజనరేషన్. కంటి వెనక పొర నడిమధ్యలో దెబ్బతింటుంది. చుట్టూ కనిపిస్తుంది, సూటిగా చూసినచోటే మసక. కొత్త అద్దాలు పెట్టి పుస్తకం ఇస్తే కళ్లకద్దుకుని, ఒక్క అక్షరం పోకుండా చదివారు. కాగితం మీద ‘ఎన్ ఎయిట్’ అని రాశాను. న్యూస్‌పేపరు అక్షరాలు చదవగలరని దానర్థం.

మూడు వారాలకు ఆయన భార్య నూకరత్నంగారు ఆయన్ని వెంటబెట్టుకుని వచ్చారు. ఆవిడకు చదువు రాదు. సాయంత్రాలు ఆయన కథల పుస్తకం పైకి చదవడం, ఆవిడ చింతపండు పిక్కలు తీస్తూ వినడం పెళ్లైన నాటి నుంచి ఉన్న అలవాటట.

“ఏడాదయ్యిందమ్మా, ఒకటే కథ సదువుతన్నాడు. నిన్న పుస్తకం తలకిందులుగా సేతికిచ్చాను. గడగడా సదివేసినాడు,” అన్నారావిడ.

“ఊరుకోవే. ఇంటి గోల ఇక్కడెందుకు,” అని ఆయన తల దించుకున్నారు.

పేపరు చేతికిచ్చాను. హెడ్డింగు కూడా అందలేదు. “మరి ఆ రోజు ఎలా చదివారండీ?” అన్నాను.

“సదవలేదమ్మా. నోటికొచ్చిందే అప్పజెప్పినాను. నువ్వు దేవుడి పుస్తకం సేతిలో పెట్టావు. రాదని ఎలాగంటాను?” అద్దాలు తీసి పెట్టెలో పెట్టుకుంటూ, “ఇంట్లోనూ అంతే. నాకు సూపు పోయిందని తెలిస్తే ఇది ఇంక సదవమని అడగదు,” అన్నారు.

నూకరత్నంగారు ఆయన ఒళ్లోంచి జారిన అద్దాల పెట్టె తీసి పక్కన పెట్టారు.

తప్పు నాదే. నా భక్తితో ఆయన నోరు కట్టేశాను.

భూతద్దాలు ఇచ్చి చూశాను. అద్దం కాస్త కదిలినా వరస తప్పేది. “బియ్యంలో రాళ్లేరుతన్నట్టుందమ్మా, సదివినట్టు లేదు,” అనేవారు. ఆ నెలలోనే, ఓడ మీద పనిచేసే ఆయన మేనల్లుడు విదేశం నుంచి, అక్షరాలు పెద్దవి చేసుకుని తెర మీద పుస్తకాలు చదువుకునే ఈ-రీడర్ తెచ్చాడు. పలకంత ఉంది. బూడిదరంగు తెర మీద అక్షరాలు కాగితంమీదిలాగే నల్లగా, మెరుపు లేకుండా నిలుస్తున్నాయి. “కానీ ఇది ఇంగ్లీషుకే మావయ్యా. తెలుగు రాదు దీనికి,” అన్నాడతను.

అప్పుడు నాన్నగారి నోటుబుక్కు గుర్తొచ్చింది. నాకు పాఠాలుగా చెప్పడానికి ఆయన సొంతంగా రాసిన చిన్న కథలవి. ఎవరికీ కంఠస్థం వచ్చే అవకాశం లేదు. డీటీపీ షాపులో పేజీకి ఏడెనిమిది మాటల చొప్పున పెద్ద అక్షరాల్లో కొట్టించి, పేజీలను బొమ్మలుగా ఆ ఈ-రీడర్‌లో ఎక్కించాం. అక్షరాన్ని సూటిగా కాకుండా కాస్త పైకి చూసి, అంచు చూపుతో పట్టుకోవడం నేర్పాను. దాన్ని ఎక్సెంట్రిక్ వ్యూయింగ్ అంటారు. వారాలు పట్టింది. ఆయన ఒక్కరోజూ మానలేదు.

ఒక ఉదయం క్లినిక్‌లో భార్యను పక్కన కూర్చోబెట్టుకుని మొదలుపెట్టారు. “లాంచీ... లాంచీ రేవు... దాటిందో లేదో... తాడు...”

“తాడుకేటయ్యింది?” అన్నారావిడ.

“ఆగవే. నాకూ తెలీదు. సూడనీ.” వేలితో తడుముకుని బటన్ నొక్కారు.

నూకరత్నంగారు నావైపు వంగి మెల్లగా అన్నారు: “తడబడతన్నాడమ్మా. అయితే నిజంగానే సదువుతన్నాడు.”

నాన్నగారు ఒక్క పిల్ల కోసం రాసిన ఆ తాడు సంగతి తెలుసుకోవడానికి వాళ్లిద్దరూ నా గదిలో గంటసేపు కూర్చున్నారు.

ఆనాటి నుంచి స్తోత్రాల పుస్తకం నా సంచి దాటలేదు. కార్డు ఇచ్చేముందు “రాదు అనడంలో తప్పు లేదండీ” అని చెబుతాను. ఎవరైనా గడగడా చదివితే మరో కార్డు తీస్తాను. తడబడితే మాత్రం తొందరపెట్టను. మనసులో దణ్ణం పెట్టుకుని, తర్వాతి మాట వచ్చేదాకా ఆగుతాను.