అద్దానికి అవతలి కొస

ఆ ఉదయం ఆయన పాత పేపరు ఉండ చుట్టి వంటింటి కిటికీ అద్దం తుడిచాడు. తల ఓరగా వంచి వెలుతురులో మరకలు వెతికాడు, మిగిలిన ఒక చుక్కని గోటితో గీకాడు. తరవాత ఫోను తీసి, "పార్ట్‌నర్, బ్యాంకు వాళ్ళ అద్దాలు దిగాయట, తొందరగా రా" అన్నాడు. ఫోను బల్ల మీద పెట్టి కుర్చీలో కూర్చున్నాడు. భార్య టీ తెచ్చేసరికి ఆయన తల పక్కకి వాలిపోయి ఉంది.

పలకరించడానికి వచ్చినవాళ్ళంతా, ఆఖరికి ఏమన్నాడమ్మా అని అడిగారు. టీ కూడా తాగలేదని మాత్రం చెప్పిందామె. కాపురం చేసినంత కాలం ఏ మాట వింటే ఒళ్ళు మండేదో ఆ 'పార్ట్‌నర్' అన్న మాటనే ఆయన పోతూ పోతూ అన్నాడు. అదీ తనతో కాదు, ఇంకొకడితో. ఏడుస్తున్నా ఆ కుళ్ళు ఆమెని వదల్లేదు.

ఆయన అద్దాలు బిగించేవాడు. కిటికీలకి, దుకాణాల ముంగిళ్ళకి, స్నానాలగదులకి. వీధిలో అందరికీ ఆయన అద్దాలాయన. ఆయన పార్ట్‌నర్ గుమ్మం కింద వంగి రావలసినంత పొడుగు. ఆమె అతనికి నిచ్చెన అని పేరు పెట్టింది. మొదట్లో చాటుగా అనేది, తరవాత మొహం మీదే అనేది. అతను నవ్వి, "వదిన పిలిస్తే నిచ్చెనైనా సరే" అనేవాడు. ఆ నవ్వు చూస్తే ఆమెకి ఇంకా మండేది.

పెద్ద అద్దాన్ని ఒక్కడు మొయ్యలేడు. నిలువుగా నిలబెట్టి ఈ కొస ఒకరు, ఆ కొస ఒకరు పట్టుకోవాలి. ఒకరు వెనక్కి నడవాలి. ఎప్పుడూ వెనక్కి నడిచేది ఆయనే. నిచ్చెన ఎదురుగా నడుస్తూ, "మెట్టు... గుమ్మం... ఎడమకి... కుక్క, ఆగు" అని చెబుతూ ఉండేవాడు. ఆయన ఒక్కసారి కూడా మెడ తిప్పి చూసుకునేవాడు కాదు. రద్దీ వీధిలో, బండ్ల మధ్య, ఆ గొంతు మీద భారం వేసి వెనక్కి వెనక్కి పోయేవాడు.

అదే మనిషి ఆమెతో రోడ్డు దాటేటప్పుడు, "రండి, ఏమీ రావట్లేదు" అని ఆమె చెప్పాక కూడా తనొకసారి అటూ ఇటూ చూసుకునేవాడు.

ఒకసారి ఉండబట్టలేక పరీక్ష పెట్టింది. "కళ్ళు మూసుకుని వెనక్కి నడవండి. నేను చెబుతాగా."

"ఇప్పుడెందుకే ఈ కోతి వేషాలు?"

"వాడు చెబితే నడుస్తారుగా?"

ఆయన కళ్ళు మూసుకుని రెండడుగులు వేసి కళ్ళు తెరిచేశాడు. "స్టూలుంది కదా అక్కడ" అన్నాడు. స్టూలుందని ఆమెకీ తెలుసు. చెప్పబోతూనే ఉంది. ఆ రోజు వంటింట్లో గిన్నెలు ఎత్తెత్తి పడ్డాయి.

ఆయనకి పంటి నొప్పి వస్తే నిచ్చెనకి ముందు తెలిసేది. కళ్ళజోడు మార్చాలని డాక్టరు అన్న సంగతి నిచ్చెన నోటే విన్నది. ఇంట్లో పొడి పొడిగా రెండు ముక్కలు మాట్లాడే మనిషి, దుకాణంలో ఆ పొడుగాడితో ఏం చెప్పి అంత నవ్వుతాడో అర్థమయ్యేది కాదు. అన్నం క్యారియర్ పట్టుకుని వెళితే ఆ నవ్వు వీధి మొగలోకి వినిపించేది. ఆమె గుమ్మంలో కాలు పెట్టగానే ఆగిపోయేది.

కూతురు చిన్నపిల్లలకి ఇంగ్లీషు చెప్పే టీచరు. ఓ సెలవు రోజు ఆమె కూతుర్ని పట్టుకుంది.

"పార్ట్‌నర్ అంటే ఏమిటే?"

"వ్యాపారంలో వాటా ఉన్నవాళ్ళు. ఆటలో జోడీ. ఈమధ్య కలిసి బతికేవాళ్ళని కూడా అంటున్నారు."

"పెళ్ళాన్నా?"

"పెళ్ళాన్ని కూడా."

"మరి నేనేమిటి?"

"నువ్వు వైఫ్‌వి. ఆఫీసు కాయితాల్లో అయితే స్పౌస్."

"స్పౌసా! ఎలకల మందు పేరులా ఉంది. ఇంకా మంచివేం లేవూ?"

"కంపానియన్ ఉంది. తోడు అని. పెద్దవాళ్ళ దగ్గర తోడుగా జీతానికి ఉండేవాళ్ళని కూడా అలాగే అంటారు."

"జీతం లేకుండా ఉండేదాన్ని?"

"వైఫ్ అనే అంటారమ్మా."

"అఘోరించినట్టుంది. ఇంకా?"

"బెటర్ హాఫ్. ఇద్దరిలో మంచి సగం."

"ఆ మంచి సగం ఆ నిచ్చెన పట్టుకుపోయాడు. ఇంకోటి చెప్పు."

కూతురికి నవ్వాగలేదు. "రూమ్‌మేట్. ఒకే గదిలో ఉంటారు, ఎవరి పని వాళ్ళు చూసుకుంటారు."

"ఆఁ, అదీ నేను" అందామె. నవ్వలేదు. పక్క గదిలో పేపరు చదువుతున్న ఆయన పేజీ తిప్పిన చప్పుడు మాత్రం వినిపించింది.

అయితే అన్నిటికంటే లోతుగా దిగింది సెలూన్ సంగతి. సెలూన్‌కి నిలువెత్తు అద్దం చేరవెయ్యాల్సిన రోజున నిచ్చెన నడుం పట్టేసి మంచం ఎక్కాడు. ఆయన దుకాణంలో కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. ఆమె క్యారియర్ పక్కన పెట్టి కొంగు నడుముకి దోపింది. ఎన్నో ఏళ్ళుగా ఎదురుచూస్తున్న అవకాశం.

"పట్టండి. ఆ కొస నేను పట్టుకుంటా."

"నువ్వొద్దు."

"ఏం, ఇనప బీరువా జరిపింది నేను కాదూ?"

"బలం సంగతి కాదులే."

"మరేమిటి?"

"నువ్వు దీనికి పనికిరావు. ఇంటికెళ్ళు."

వెళ్ళలేదు. ఎదుటి చెట్టు నీడన నిలబడి చూసింది. ఆయన ఫోను చేసి సెలూన్ ఓనర్‌నే పిలిపించాడు. కత్తెర కంటే బరువైనది ఎత్తి ఎరగని మనిషి, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడే మనిషి. వాడి చేతులకి గ్లౌజులు తొడిగి, వాడికి అవతలి కొస ఇచ్చి, తను వెనక్కి నడుచుకుంటూ పోయాడు. దారిన పోయేవాడు పనికొచ్చాడు, తను పనికిరాలేదు. ఆ తరవాత ఆమె చాలా రోజులు ఆయనకి కంచం పెట్టి మాట్లాడకుండా లేచిపోయేది. ఆయన ఏమీ అడగలేదు, ఏమీ చెప్పనూ లేదు. ఆమె ఆ మాటని మళ్ళీ ఎత్తలేదు గాని, కడుపులోంచి అది పోనూ లేదు.

ఆయన పోయిన తరవాత దుకాణం ఖాళీ చేసే రోజున ఆమె వెళ్ళింది. అన్నీ అమ్ముడుపోగా గోడవార ఒక అద్దం మిగిలింది. నిచ్చెన దాని ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. గడ్డం మాసిపోయి ఉంది. రాని మనిషి కోసం ఎదురుచూస్తున్నట్టున్నాడు.

"నేను పట్టుకుంటా. వద్దనే మనిషి ఇప్పుడు లేడుగా" అందామె.

అతను ఆమె చేతుల వంక చూసి గ్లౌజులు అందించాడు. అవి ఆయనవి. ఆమె తొడుక్కుంది. అతను అద్దం కొస మీద చెయ్యి వేశాడు.

"వదినా, ఒక్క మాట. ఇది చిట్లిన చప్పుడు వినిపించిందా, చేతులు వదిలేసి వెనక్కి దూకెయ్యాలి. ఆపాలని చూడకూడదు."

"నీ మీద పడుతుంటే?"

"పడనీ. నేనూ వదిలేస్తాగా. ఒకరు వదిలి ఒకరు పట్టుకుంటే, పట్టుకున్నవాళ్ళ చేతులు తెగుతాయి. పనిలో మొట్టమొదట చెప్పేది ఇదే."

"ఎదురుగా మనిషిని పెట్టుకుని ఎలా వదిలేస్తారయ్యా? నావల్ల కాదు."

నిచ్చెన అద్దం మీంచి చెయ్యి తీసేశాడు.

"సెలూన్ అద్దానికి వదినని పట్టమనక, ఆ పిరికాయన్ని పిలిచావేమిటి పార్ట్‌నర్ అని తిట్టాను వదినా. వాడైతే ఠప్‌మంటే పారిపోతాడు, మీ వదినైతే వదలదురా అన్నాడు."

ఆమె గ్లౌజులు విప్పలేదు. వాటి వేళ్ళ కొసలు లాగి బిగించుకుంది.

"ఆ ముక్క కూడా నీకే చెప్పాడన్నమాట. నాకు చెబితే ఏం పోయింది?"

"చెబితే, వదిలేస్తానని దొంగ ఒట్టేసి మరీ వచ్చేస్తుందన్నాడు."