మెడ తిరగనివాడి పుట్టి షికారు

నా మెడ తిరగదు. కోపమొచ్చి ముఖం తిప్పుకుందామన్నా ఒళ్ళంతా తిప్పాల్సిందే. అంతసేపట్లో కోపమే పోతుంది. మాది నల్లగొండ జిల్లాలో ఫ్లోరైడు ఊరు. చిన్నప్పటి నుంచి బాయి నీళ్ళు, బోరింగు నీళ్ళు తాగి పెరిగాం. ఆ నీళ్ళే ఎముకల్లో పేరుకుని మొదట మెడ, తర్వాత నడుము, చివరికి మోకాళ్ళు కొయ్యబారాయి. ఊళ్ళో కిరాణం దుకాణం నడిపినన్నాళ్ళూ ఎలాగో నెట్టుకొచ్చాను. గిరాకీ ఎదురుగానే వచ్చి నిలబడుతుంది కదా.

చిక్కంతా మా ఇంటామెతోనే. ఏం చెప్పాలన్నా నా ముందుకొచ్చి నిలబడి చెబుతుంది. వెనకనుంచి పిలిస్తే నేను తిరిగేలోపు పొయ్యి మీద అన్నం మాడుతుందని ఆమె ఎగతాళి. కానీ ముందుకొచ్చేసరికి ముఖం సర్దుకుని వస్తుంది. నాకు అంగీ తొడగడం, లేపడం, కూర్చోబెట్టడం, వీపు రుద్దడం, అన్నీ ఆమే. అవి చేసేటప్పుడు పక్కనో వెనకో ఉంటుంది. అప్పుడు ఆమె ముఖం ఎట్లా ఉంటుందో నాకు తెలియదు. విసిగిపోయిందేమో, నేను చూడని చోట నిట్టూరుస్తుందేమో అని భయం. ఒకటి రెండుసార్లు అడిగాను కూడా. "నీకేం పని లేదా?" అని పోయింది. ఆ భయం నన్ను ఏళ్ళ తరబడి లోలోపల తిన్నది.

తెలంగాణ వచ్చాక కొన్నాళ్ళకు మా ఊరి నల్లాల్లో కృష్ణ నీళ్ళు వచ్చాయి. నా మెడకు ఆలస్యమైంది గానీ ఆ నీళ్ళు తాగి పెరిగిన మా మనవరాలి పళ్ళకు పచ్చ గార లేదు. ఆ పిల్ల నవ్వితే నాకు కడుపు నిండుతుంది. దుకాణం మూసేశాక నాగార్జునసాగర్ డ్యాం పక్కన నందికొండలో ఉన్న మా బిడ్డ దగ్గరికి పోయి నెలల తరబడి ఉండడం అలవాటైంది.

"సాగర్ల ఉండి పడవ ఎక్కకపోతే ఎట్ల బాపూ?" అని ఒక ఆదివారం మా బిడ్డ మమ్మల్ని లాంచీ ఎక్కించింది. ముందు వరుస దొరకలేదు. అందరూ అటు చూడు, ఇటు చూడు అని కేకలేస్తుంటే నేను పోయినంతసేపూ వచ్చినంతసేపూ ముందున్నాయన టోపీ చూశాను. ఒళ్ళు మండిపోయింది. "ఇంకోపారి పడవ మాటెత్తితే ఊరికి పోత" అని ఇంటికొచ్చి అలిగాను.

మా అల్లుడు మాటకారి కాదు. చేపలు పట్టే అన్నదమ్ములిద్దరిని మాట్లాడి, మరుసటి వారం రెండు పుట్టీలు తెప్పించాడు. పుట్టి అంటే వెదురుతో అల్లిన గుండ్రటి పడవ, చూడ్డానికి పెద్ద గంపలా ఉంటుంది. నా మోకాళ్ళు మడతపడవు కాబట్టి గోనెసంచిలో గడ్డి కుక్కి ఎత్తుగా పీట చేశారు. నారింజ రంగు లైఫ్ జాకెట్ తొడిగి, మోసుకుపోయి దాని మీద కూర్చోబెట్టారు.

"గంగిరెద్దు లెక్క ఉన్నవ్, తలకాయ ఊపుడొక్కటే తక్కువ" అంది మా ఇంటామె. తానూ అదే రంగు జాకెట్‌లో ఉన్న సంగతి మరిచినట్టుంది. ఆమె, మా బిడ్డ రెండో పుట్టిలో ఎక్కి మా వెనక బయలుదేరారు.

"ఫికర్ చెయ్యకు మామా, గట్టు పొంటే పోదాం" అన్నాడు తెడ్డు వేసే ఆయన. కొంచెం దూరం పోయేసరికి గాలి తగిలి పుట్టి మెల్లగా తిరగడం మొదలుపెట్టింది. గుండ్రటి దానికి ముందేమిటి, వెనకేమిటి! నా కళ్ళ ముందునుంచి గట్టు జరిగిపోయి నల్లమల కొండలు వచ్చాయి. కొండలు పోయి డ్యాం గేట్లు వచ్చాయి. నేను గడ్డి సంచి మీద కదలకుండా కూర్చుంటే లోకమంతా వచ్చి నాకు కనబడి పోతోంది. పక్కలు చూసి ఎన్నేళ్ళయిందో! సంతోషంతో ఊపిరాడలేదు.

"గాలికి తిరుగుతాంది మామా. జర ఆగు, సక్కగ పెడ్త" అని ఆయన తెడ్డు ఎత్తాడు.

"ఏయ్, సక్కగ పెట్టకు! తిరగనియ్యి!" అని అరిచాను. ఆయన బెదిరి తెడ్డు ఒళ్ళో పెట్టుకున్నాడు.

అప్పుడు వెనక వస్తున్న రెండో పుట్టి నా ఎదురుగా వచ్చింది. అంచును రెండు చేతులా పట్టుకుని మా ఇంటామె ముందుకు వంగి ఉంది. నెత్తిమీది కొంగు జారినా సోయి లేదు. ఆమె కొండలు చూడడం లేదు, నీళ్ళు చూడడం లేదు, నన్నే చూస్తోంది. మా మనవరాలు మొదటి అడుగు వేసిననాడు చూసినట్టు, నోరు కొంచెం తెరిచి, తనలో తాను నవ్వుకుంటూ చూస్తోంది. నా కళ్ళు తన మీద పడ్డాయని ఆమెకు ఇంకా తెలియలేదు. ఇన్నేళ్ళూ నా వెనక ఉన్నది ఈ ముఖమా అనుకున్నాను.

నా చూపు తగిలి ఆమె గబుక్కున కొంగు సర్దుకుంది. "నన్నేం చూస్తున్నవ్? కొండలు చూడు!" అని కసిరింది.

పుట్టి తిరుగుతూనే ఉంది. ఆమె జరిగిపోయి మళ్ళీ గట్టు వచ్చింది.

"తమ్మీ, ఇంకొక్క సుట్టు రానియ్యి" అన్నాను.