కుట్టుకి వదిలిన జాగా

మా అమ్మమ్మ గీత గీస్తే లోకంలోని స్కేళ్లన్నీ సిగ్గుతో వంగిపోతాయి. కాకపోతే మణికట్టు విరిగి అతికినప్పటినుంచి ఆ చెయ్యి వణుకుతోంది. గీత తిన్నగా వచ్చేదాకా బట్ట కత్తిరించనని ఈ దర్జీ మనిషి ఒట్టు పెట్టుకుంది. ఆ చెయ్యి ఇక తన మాట వినదేమోనని లోపల భయం. రోజూ పాత పేపర్ల మీద గీతలు, కోడిగుడ్లు, డబ్బాలు గీస్తుంది. గుడ్లన్నీ వంకాయలవుతాయి.

ఈ ఉదయం డబ్బా నాలుగు వైపులా తిన్నగా కుదిరింది. అమ్మమ్మ దానికేసి చాలాసేపు చూసి, చుట్టూ అరంగుళం ఎడంగా ఇంకో డబ్బా గీసింది.

"ఇదెందుకే అమ్మమ్మా?" అన్నాను.

"కుట్టుకి జాగా వదలొద్దూ?"

"కాగితానికి కూడా కుట్లేస్తావా ఏంటి?"

"వాగింది చాల్లే, ఆ కత్తెర ఇలా ఇయ్యి."